ఎం6 మీద పాత వైడ్ లెన్సులు: కొనేముందు వెనకవైపు చూడండి

ముందు మీ ప్రశ్న. లైకా ఎం6 అనే రేంజ్‌ఫైండర్ ఫిల్ము కెమెరాకి (అద్దం ఉండదు, పక్క కిటికీలో రెండు బొమ్మల్ని కలిపి ఫోకస్ చేయాలి) అడాప్టర్‌తో జూపిటర్-12 లెన్సు బిగించారు. 35 ఎంఎం, ఎఫ్/2.8, స్క్రూ మౌంటు. మూలలు నల్లబడుతున్నాయి, దూరంగా ఉన్నవి అప్పుడప్పుడు మెత్తగా వస్తున్నాయి. ఇప్పుడు 21 ఎంఎం సూపర్-ఆంగులాన్ ఎఫ్/3.4 ఒకటి బేరానికి వచ్చింది. అది షట్టర్‌కి తగులుతుందా, మీటరు పనిచేస్తుందా, వేరే వ్యూఫైండర్ కొనక తప్పదా అని అడిగారు.

పొట్టి జవాబు: ఎం6లో తగలదు. మీటరును నమ్మడానికి లేదు. ఫైండర్ కొనాల్సిందే. జూపిటర్ ఫోకస్ విషయంలో మాత్రం లెన్సుని తిట్టేముందు అడాప్టర్‌ని అనుమానించండి.

ఇక వివరంగా. పాత వైడ్ కొనేవాళ్లు సాధారణంగా ముందు గాజు మీద గీతలు చూస్తారు, ఎఫ్ నంబరు చూస్తారు, బేరం కుదుర్చుకుంటారు. అసలు చూడాల్సింది వెనక భాగం. బాడీలో పడుతుందా లేదా, మీటరు చదువుతుందా లేదా, మూలలు ఎంత చీకటిగా ఉంటాయి అన్నవన్నీ అక్కడే తేలిపోతాయి.

ఎస్ఎల్ఆర్‌లో, అంటే లెన్సు గుండానే చూసే కెమెరాలో, లెన్సుకీ ఫిల్ముకీ మధ్య అద్దం లేచి పడాలి, కాబట్టి చోటు కావాలి. నికాన్ ఎఫ్ మౌంటులో మౌంటు ముఖం నుంచి ఫిల్ము దాకా 46.5 మిల్లీమీటర్లు. అంత దూరం నుంచి 21 ఎంఎం లెన్సు పనిచేయాలంటే రెట్రోఫోకస్ పద్ధతి తప్పదు. అంటే ముందు పెద్ద నెగటివ్ గాజు, వెనక పాజిటివ్ గుంపు. రేంజ్‌ఫైండర్‌లో అద్దం గొడవ లేదు. లైకా ఎం మౌంటులో ఈ దూరం 27.8 మిల్లీమీటర్లే, స్క్రూ మౌంటులో 28.8. దాంతో డిజైనర్లు అపర్చర్‌కి ముందూ వెనకా ఇంచుమించు ఒకేలా గాజులు అమర్చి, వెనక గుంపుని ఫిల్ము దగ్గర దాకా తోసేశారు. లుడ్విగ్ బెర్టెలె జైస్ వాళ్ల కాంటాక్స్ కెమెరా కోసం చేసిన 21 ఎంఎం బయోగాన్ ఎఫ్/4.5 ఆ దారిలోదే. ష్నైడర్ సంస్థ లైకా తయారీదారు లైట్జ్ కోసం చేసిన సూపర్-ఆంగులాన్‌లూ అంతే: ఎఫ్/4 ది 1958లో, ఎఫ్/3.4 ది 1963లో వచ్చాయి. మీ జూపిటర్-12 కూడా ఆ వంశమే, యుద్ధానికి ముందటి 35 ఎంఎం బయోగాన్‌కి సోవియట్ నకలు.

ఈ అమరికలో దక్కే లాభం ఏమిటంటే గీతలు వంగవు. గోపురం అంచు, గుమ్మం, కిటికీ చట్రం ఫ్రేము చివరన పడినా నిటారుగానే ఉంటాయి. ఆ కాలపు రెట్రోఫోకస్ వైడ్‌లు ఈ విషయంలో వీటి దరిదాపుల్లోకి రావు. ఎదురు చెల్లించాల్సిన ధర వెనకవైపు ఉంటుంది.

మొదటిది, తగలడం. మామూలు గుడ్డ కర్టెన్ షట్టర్ ఉన్న ఎం బాడీల్లో, అంటే ఎం2, ఎం3, ఎం4, ఎం6లలో, సూపర్-ఆంగులాన్ నిక్షేపంగా పడుతుంది. చిక్కు ఎం5తోనూ, లైకా సీఎల్‌తోనూ. 1971 నాటి ఎం5లోనూ, 1973 నాటి సీఎల్‌లోనూ మీటరు సెల్ ఒక చిన్న చేయి మీద ఉంటుంది. ఫిల్ము వైండ్ చేయగానే ఆ చేయి కర్టెన్ ముందుకొచ్చి నిలబడుతుంది, షట్టర్ నొక్కినప్పుడు తప్పుకుంటుంది. కాబట్టి వైండ్ చేయని బాడీలో లెన్సు హాయిగా పట్టిందని మోసపోవద్దు. లివర్ లాగిన క్షణంలో ఆ చేయి వెళ్లి లెన్సు వెనక గొట్టానికి కొట్టుకుంటుంది. సీఎల్ ఉన్నవాళ్లు జూపిటర్-12 జోలికీ, లోపలికి ముడుచుకునే పాత లెన్సుల్ని ముడిచి పెట్టే పనికీ పోవద్దు.

కాంటాక్స్ వైపు కూడా ఇలాంటి ఉచ్చు ఒకటుంది. యుద్ధం ముందటి 35 ఎంఎం బయోగాన్ 1936 నాటి కాంటాక్స్ 2లో పడుతుంది, దాని సోవియట్ నకలు కీవ్‌లో పడుతుంది. యుద్ధం తర్వాత కొత్తగా చేసిన కాంటాక్స్ 2ఎ, 3ఎ బాడీల్లో మాత్రం వెనక గుంపు లోపలి గోడలకి అడ్డం పడుతుంది. మౌంటు అదే, లెన్సు పట్టదు. అందుకే జైస్ ఆ బాడీల కోసం చిన్న వెనక గుంపుతో మరో 35 బయోగాన్ చేయాల్సి వచ్చింది. కీవ్ మౌంటు జూపిటర్-12 పాత డిజైన్‌నే అనుసరించింది కాబట్టి అదీ 2ఎలో పట్టదు. అమ్మేవాళ్లు 'కాంటాక్స్ మౌంటు' అని రాసి వదిలేస్తారు, ఏ కాంటాక్స్ అన్నది మనమే అడగాలి.

మీకు తెలియని బాడీలో తెలియని లెన్సు మొదటిసారి పెడుతున్నప్పుడు పద్ధతి ఇది. ఫిల్ము లేకుండా చేయండి. లెన్సు ఇన్ఫినిటీ దగ్గర ఉన్నప్పుడు వెనక భాగం లోపలికి బాగా వెళ్తుంది, అతి దగ్గర దూరానికి తిప్పితే బయటికి వస్తుంది. అందుకని మొదట స్కేలు మీద అతి తక్కువ దూరానికి తిప్పి పెట్టుకోండి. లెన్సుని వాలకుండా తిన్నగా దించండి. వెనక గాజు మీద పడే గీతల్లో చాలా భాగం ఈ ఘడియలోనే పడతాయి, గొట్టం అంచు రేంజ్‌ఫైండర్ రోలర్‌కి (లెన్సు కదలికని అందుకునే చిన్న చక్రం) రాసుకుని. మౌంటు పట్టాక ఫోకస్ రింగుని మెల్లగా ఇన్ఫినిటీ వైపు తిప్పండి. ఎక్కడైనా వేలికి ఆటంకం తగిలితే అక్కడే ఆపేయండి, బలం పెట్టొద్దు. ఇన్ఫినిటీ దాకా వచ్చిందా, ఇప్పుడు అడుగు ప్లేటు తీసి, వెనక తలుపు ఎత్తి, కేబుల్ రిలీజ్‌తో షట్టర్‌ని బల్బ్‌లో (నొక్కినంతసేపు తెరిచి ఉండే అమరిక) తెరిచి పట్టి, టార్చ్ వేసి చూడండి. వెనక గొట్టానికీ కర్టెన్ తిరిగే దారికీ మధ్య ఖాళీ కంటికి కనబడాలి. తర్వాత షట్టర్ మూసి, వైండ్ చేసి 1/60 లోనూ 1/1000 లోనూ నాలుగైదు సార్లు కొట్టండి. శబ్దం లెన్సు లేనప్పటిలాగే ఉండాలి.

రెండోది, మీటరు. ఎం6 మీటరు పనిచేసే తీరు తెలిస్తే ఇది వెంటనే అర్థమవుతుంది. మొదటి కర్టెన్ మీద 12 మిల్లీమీటర్ల తెల్ల చుక్క ఉంటుంది. లెన్సు గుండా వచ్చిన వెలుగు దాని మీద పడి తిరిగి వస్తే, మౌంటు లోపలి పైమూలలో ఉన్న సెల్ దాన్ని చదువుతుంది. సూపర్-ఆంగులాన్ వెనక గొట్టం సరిగ్గా ఆ చుక్కకీ సెల్‌కీ మధ్యకి వచ్చి కూర్చుంటుంది. సెల్‌కి చుక్క పూర్తిగా కనబడదు, లెక్క తప్పుతుంది. ఎప్పుడూ ఇంత తప్పు అని తేలితే ఫిల్ము స్పీడు మార్చి సరిపెట్టుకోవచ్చు, కానీ వెలుగు వచ్చే దిశను బట్టి తేడా మారుతుంది కాబట్టి ఆ సర్దుబాటు నిలబడదు. 28 ఎంఎం ఎల్మారిట్ మొదటి రకానికీ, 1965లో వచ్చినదానికి, ఇదే జబ్బు. లైట్జ్ వాళ్లు 1972లో 28ని, 1980లో 21 ఎల్మారిట్ ఎఫ్/2.8ని రెట్రోఫోకస్ దారిలోకి మళ్లించడానికి బాడీలో మీటరు రావడం ఒక ముఖ్య కారణం.

చేత్తో పట్టుకునే మీటరు వాడండి, అదే సులువు. ఇన్సిడెంట్ గుమ్మటం (వస్తువు మీద పడే వెలుగుని కొలిచే తెల్ల బుడిపె) ఉన్నదైతే ఇంకా మంచిది. 21 ఎంఎం ఫ్రేములో ఆకాశం సగం ఆక్రమిస్తుంది, రిఫ్లెక్టెడ్ మీటరు (వస్తువు నుంచి తిరిగొచ్చే వెలుగుని కొలిచేది) దాన్ని చూసి నేలని చీకట్లో ముంచేస్తుంది. రిఫ్లెక్టెడ్ తప్ప గతి లేకపోతే మీటరుని నేలవైపు వంచి చదవండి. జూపిటర్-12తో మీ బాడీ ఎలా చదువుతోందో తెలుసుకోవాలంటే, ఒకే రంగు గోడ ముందు దాన్నీ, మరో మామూలు 35 లేదా 50 లెన్సునీ ఒకే అపర్చర్ దగ్గర పెట్టి పోల్చండి. తేడా అర స్టాప్ (ఒక స్టాప్ అంటే వెలుగు రెట్టింపు లేదా సగం కావడం) లోపల ఉంటే నెగటివ్ ఫిల్ముకి ధైర్యంగా వాడుకోవచ్చు.

ఇప్పుడు మూలల చీకటి. ఇక్కడ రెండు వేర్వేరు కారణాలున్నాయి. వాటిని కలిపేసి మాట్లాడటం వల్లే జనం 'ఎఫ్/8కి మూశాను, అయినా పోలేదు' అని వాపోతారు.

ఒకటి సహజమైనది. వెలుగు ఫిల్ము మూలకి ఏటవాలుగా వెళ్తుంది. ఆ కోణపు కొసైన్‌ని నాలుగుసార్లు గుణిస్తే మూలకి చేరే వెలుగు ఎంతో తెలుస్తుంది. 35 ఎంఎం ఫ్రేములో మధ్య నుంచి మూలకి 21.6 మిల్లీమీటర్లు. లెక్క వేస్తే 35 ఎంఎం లెన్సుకి మూలలో దాదాపు 0.9 స్టాప్, 28కి 1.3 స్టాప్‌లకి కొంచెం పైన, 21కి రెండు స్టాప్‌లు తగ్గుతుంది. అపర్చర్ ఎంత మూసినా ఇది మారదు, ఎందుకంటే ఇది కోణం వల్ల వచ్చింది. సోవియట్ డిజైనర్ మిఖాయిల్ రుసినోవ్ చూపిన మార్గం ఏమిటంటే, బయటి గాజుల్ని బాగా వంపు తిప్పి, ఏటవాలుగా చూసినప్పుడు అపర్చర్ పెద్దదిగా కనబడేలా చేయడం. దాంతో నాలుగో ఘాతం మూడో ఘాతం దగ్గరికి వస్తుంది. 21 ఎంఎంలో నష్టం ఒకటిన్నర స్టాప్‌కి దిగుతుంది. బయోగాన్, సూపర్-ఆంగులాన్‌లు ఈ ఉపాయం వాడుకున్నవే. జైస్ 15 ఎంఎం హోలోగాన్‌కి ఇదీ చాలలేదు. దానికి మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా ఉండే ఫిల్టర్ ఇచ్చారు. అది పెడితే ఎఫ్/8 లెన్సు ఎఫ్/16గా మారుతుంది.

రెండోది యాంత్రికమైనది. లెన్సు గొట్టం, ఫిల్టర్ రింగు, హుడ్ ఇవి ఏటవాలు కిరణాల్ని కోసేస్తాయి. ఇది అపర్చర్ మూస్తే పోతుంది, లేదా అడ్డు తీసేస్తే పోతుంది. మీది ఏదో కనిపెట్టడం తేలిక. వెనక తలుపు తీసి, షట్టర్ బల్బ్‌లో పెట్టి, కన్ను ఫిల్ము గేటు మూల దగ్గరికి తెచ్చి లెన్సులోకి చూడండి. ఎఫ్/2.8 దగ్గర అపర్చర్ పిల్లికన్నులా కోసుకుపోయి కనబడుతుంది, అది మామూలే. ఎఫ్/8కి మూసి మళ్లీ చూడండి. ఆ చిన్న రంధ్రం పూర్తిగా కనబడితే యాంత్రిక నష్టం లేనట్టు, మిగిలింది సహజమైనదే. ఇంకా కోసుకుపోతుంటే ముందు ఏదో అడ్డుంది. జూపిటర్-12 ముందు గాజు బాగా లోపలికి ఉంటుంది, ఆ గుంటే హుడ్ పని చేస్తుంది. దాని 40.5 ఎంఎం మరమీద మందపాటి ఫిల్టర్, ఆపైన 50 ఎంఎం లెన్సు కోసం చేసిన హుడ్ ఎక్కిస్తే మూలలు పోతాయి. ఫిల్టర్ కావాలంటే ఒక్కటే, పలచటి రింగుది పెట్టండి, హుడ్ వదిలేయండి.

నాలుగు మూలలూ ఒకేలా నల్లబడితే లెన్సు. నిలువుగా ఒక పక్క మొత్తం ముదురుగా ఉండి, 1/1000 దగ్గర ఎక్కువై, 1/60 దగ్గర మాయమైతే లెన్సుతో సంబంధం లేదు. రెండు కర్టెన్లు ఒకే వేగంతో పోవడం లేదు, బాడీని సర్వీసుకి ఇవ్వాలి.

నెగటివ్ ఫిల్ములో 21 ఎంఎంకి మీటరు చెప్పినదానికన్నా ఒక స్టాప్ ఎక్కువ ఇవ్వండి. లేకపోతే మూలల్లో ఉన్న నీడలు ఫిల్ము పాదం (వెలుగు చాలక వివరం సరిగా నమోదు కాని భాగం) దగ్గరే ఆగిపోతాయి, ప్రింటులో ఎంత తంటాలు పడినా అక్కడ ఏమీ రాదు. డార్క్‌రూమ్‌లో ప్రింటు వేసేవాళ్లకి ఒక చిన్న ఊరట ఉంది. ఎన్‌లార్జర్ లెన్సు కూడా మూలలకి తక్కువ వెలుగే ఇస్తుంది, నెగటివ్ మూలలు అప్పటికే పలచగా ఉన్నాయి, రెండూ కలిసి కొంత సరిపోతాయి. స్లైడ్ ఫిల్ముకి ఈ సౌకర్యం లేదు. స్లైడ్ మీద పాత 21 వాడేటప్పుడు మూలల్లో నీలాకాశం పెట్టకుండా ఉంటేనే మంచిది, అక్కడ చీకటి కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

ఇక మీ ఫోకస్ సమస్య. వైడ్ లెన్సులో లోతు ఎక్కువ కాబట్టి ఫోకస్ తప్పినా ఫరవాలేదని అందరూ అంటారు. ఎఫ్/8 దగ్గర నిజమే. ఎఫ్/2.8 దగ్గర, చౌకరకం అడాప్టర్‌తో, ఆ మాట నిలవదు.

లైకా రేంజ్‌ఫైండర్ 51.6 ఎంఎం లెన్సు కదలికని ప్రమాణంగా తీసుకుంటుంది. 50 ఎంఎం లెన్సు ముందుకి ఎంత కదిలితే రోలర్‌ని తోసే కామ్ అంతే కదులుతుంది. 35 ఎంఎంలో గాజులు ఒక వంతు కదిలితే కామ్ 2.17 వంతులు కదలాలి, 28లో 3.4 వంతులు, 21లో ఆరు వంతులు. ఇప్పుడు ఒక మిల్లీమీటర్ మందం ఉండాల్సిన అడాప్టర్ 1.10 ఉందనుకోండి. 50 ఎంఎంలో గాజులూ కామూ రెండూ ఒకేలా 0.1 ముందుకి జరిగాయి, కాబట్టి రేంజ్‌ఫైండర్ చూపే దూరం, లెన్సు నిజంగా పట్టే దూరం ఒకటే. పొరపాటు జరిగినా ఇద్దరూ ఒకే మాట చెబుతారు. 35లో అలా కాదు. ఇన్ఫినిటీ గుర్తు దగ్గర ఆపితే రేంజ్‌ఫైండర్ సుమారు 27 మీటర్లని చూపుతుంది, లెన్సు మాత్రం 12 మీటర్ల దగ్గర ఫోకస్ అయి ఉంటుంది. ఎఫ్/2.8 దగ్గర దూరపు చుక్క 0.036 మిల్లీమీటర్ల మచ్చ అవుతుంది. మామూలుగా ఒప్పుకునే హద్దు 0.03. అందుకే మీ దూరపు వస్తువులు మెత్తగా ఉన్నాయి, ఎఫ్/8కి మూసినప్పుడు బాగుపడుతున్నాయి.

అడాప్టర్‌ని మైక్రోమీటర్‌తో కొలవండి. కాలిపర్ చాలదు, దాని పొరపాటే 0.02 ఉంటుంది. స్క్రూ లెన్సు భుజం ఆనే ముఖానికీ, ఎం మౌంటు ముఖానికీ మధ్య, చుట్టూ నాలుగు చోట్ల కొలిస్తే 1.00 రావాలి, నాలుగూ ఒకేలా ఉండాలి. 0.02 తేడా పట్టించుకోనక్కర్లేదు. 0.05 అయితే ఎఫ్/4 నుంచి వాడుకోండి. 0.1 అయితే తిప్పి పంపేయండి. ఊళ్లో లేత్ వర్క్‌షాపు ఉన్నవాళ్లని ఎవరినైనా అడిగితే నిమిషంలో కొలిచి చెబుతారు.

అడాప్టర్ సరిగ్గానే ఉందనుకోండి, అప్పుడు లెన్సు. దూరంగా, కనీసం ఒక కిలోమీటరు అవతల ఉన్న టవర్‌ని చూడండి. ఇన్ఫినిటీ గుర్తు దగ్గర రేంజ్‌ఫైండర్‌లో రెండు బొమ్మలూ కలిస్తే కామ్ సరిగ్గా ఉంది. అయినా ఫిల్ము మీద మెత్తగా వస్తుంటే గాజుల గుంపు తన చోట లేదు. జూపిటర్-12లో గాజుల గుంపుకీ హెలికాయిడ్‌కీ (ఫోకస్ కోసం లెన్సుని ముందుకీ వెనక్కీ జరిపే మర) మధ్య పలచటి షిమ్, అంటే దూరం సరిచేసే రేకు ఉంటుంది. ఎవరో విప్పి, గ్రీజు మార్చి, షిమ్ పారేసి బిగించిన లెన్సులు బజారులో చాలా తిరుగుతున్నాయి. దీన్ని తేల్చడానికి వెనక తలుపు పూర్తిగా ఊడివచ్చే బాడీ, అంటే ఫెడ్-2, జోర్కీ-4 లాంటిది, దొరికితే అరువు తెచ్చుకోండి. ఫిల్ము ఆనే లోపలి పట్టాల మీద గ్రౌండ్ గ్లాస్ ముక్క పెట్టి, షట్టర్ బల్బ్‌లో తెరిచి, 10 రెట్ల లూప్‌తో చూడండి. బయటి పట్టాల మీద పెడితే లెక్క తప్పుతుంది, అవి ప్రెషర్ ప్లేటు కోసం. గ్రౌండ్ గ్లాస్ దొరకకపోతే గరుకు ముఖం ఉన్న పారదర్శక టేపు బిగుతుగా అంటించినా పని జరుగుతుంది. టవర్ ఇన్ఫినిటీ గుర్తుకి ముందే పదును తేలి, గుర్తు దగ్గర మళ్లీ మసకబారితే గాజులు ఫిల్ముకి ఎక్కువ దగ్గరగా ఉన్నాయి, షిమ్ వేయాలి. గుర్తు దాకా వచ్చినా పదును రాకపోతే షిమ్ పలచన చేయాలి.

జూపిటర్‌కి ఇంకో చిలిపి అలవాటు ఉంది. అపర్చర్ రింగు ముందు గుంట లోపల ఉంటుంది, క్లిక్‌లు ఉండవు. దాన్ని తిప్పబోతే ఫోకస్ తిరిగిపోతుంది. అందుకని ముందు అపర్చర్ పెట్టి, తర్వాతే ఫోకస్ చేయండి. గ్రీజు గట్టిపడిన లెన్సయితే ఫోకస్ రింగు తిప్పినప్పుడు హెలికాయిడ్ కదలక, లెన్సే స్క్రూ నుంచి ఊడి వస్తుంది, మీరు మాత్రం ఫోకస్ చేస్తున్నాననుకుంటారు. మార్చిన గ్రీజు పలచగా ఉండాలి. హెలికాయిడ్ విప్పేముందు మరలు ఎక్కడ విడిపోయాయో గుర్తు గీసుకోకపోతే తిరిగి బిగించడం ఒక రోజు పని.

వీధిలో తిరిగేవాళ్లకి రేంజ్‌ఫైండర్ చూస్తూ కూర్చునే తీరిక ఉండదు. ఎఫ్/8 దగ్గర 35 ఎంఎంని 5.1 మీటర్లకి పెడితే సుమారు 2.6 మీటర్ల నుంచి అనంతం దాకా, 28ని 3.3 మీటర్లకి పెడితే 1.65 నుంచి, 21ని 1.9కి పెడితే 0.95 నుంచి సరిపోతుంది. ఈ లెక్క 0.03 హద్దుతో వేసింది. పోస్ట్‌కార్డుకి చాలు, గోడకి తగిలించే ప్రింటుకి చాలదు. పెద్ద ప్రింటు వేసేట్టయితే ఎఫ్/8లో తీస్తూ స్కేలు మీద 5.6 గుర్తుల్ని నమ్మండి. అంతా దూరపు దృశ్యమే అయితే ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి ఇన్ఫినిటీకే తిప్పండి, దూరపు కొండని 'ఒప్పుకోదగిన మసక'లో తీయాల్సిన అవసరం ఏముంది?

ఫైండర్ సంగతి. ఎం6 ఫ్రేములు జంటలుగా వస్తాయి: 28తో 90, 35తో 135, 50తో 75. ఏ జంట రావాలో అడాప్టర్ అంచు నిర్ణయిస్తుంది. మీ జూపిటర్‌కి 35/135 అడాప్టర్ కావాలి. వేరేది ఉన్నా కొంప మునగదు, బాడీ ముందున్న ఫ్రేము మీటని చేత్తో పట్టుకుంటే సరిపోతుంది. కళ్లజోడు పెట్టుకునేవాళ్లకి ఎం6లో 28 ఫ్రేము అంచులు కనబడటం కష్టం, వాళ్లు 28కి కూడా విడి ఫైండర్ వాడటమే మేలు. 21కి ఫ్రేమే లేదు. లైట్జ్ వాళ్ల ఎస్‌బీకేఓఓ ఫైండర్ సూపర్-ఆంగులాన్‌కి జోడీ, కానీ తర్వాతి కాలపు వోయిట్‌లాండర్ 21 ఫైండర్ అయినా అంతే బాగా పనిచేస్తుంది, సేకరణ పిచ్చి లేకపోతే.

విడి ఫైండర్ లెన్సుకి దాదాపు 6 సెంటీమీటర్ల పైన ఉంటుంది. మీటరు దూరంలో 21 ఎంఎం ఫ్రేము ఎత్తు 1.14 మీటర్లు, కాబట్టి ఆ తేడా ఐదు శాతమే, తలలు తెగవు. తేడా వచ్చేది ముందున్న వస్తువుకీ వెనకున్నదానికీ పొంతన కుదిర్చేటప్పుడు. స్తంభం సందులోంచి గుమ్మం సరిగ్గా కనబడాలంటే, ఫైండర్‌లో కుదిరాక కెమెరాని ఆ 6 సెంటీమీటర్లు పైకి లేపి నొక్కండి. వంచొద్దు, లేపండి. వంచితే నిలువు గీతలన్నీ ఒకదానిమీదకొకటి వాలిపోతాయి, వంకర లేని లెన్సు కొన్న డబ్బు వృథా.

కొనేటప్పుడు చూడాల్సినవి. చిన్న ఎల్‌ఈడీ టార్చ్‌ని వెనక నుంచి వేసి, అపర్చర్ పూర్తిగా తెరిచి, ముందు నుంచి ఏటవాలుగా చూడండి. అపర్చర్ పక్కనున్న గాజుల మీద పలచటి పాలపొర కనబడితే అది హేజ్. పాత లైట్జ్ సుమారాన్‌లలోనూ, కానన్ రేంజ్‌ఫైండర్ లెన్సుల్లోనూ ఇది తరచుగా ఉంటుంది. తుడిస్తే పోయే హేజ్ ఉంది, గాజునే తినేసిన హేజ్ ఉంది. విప్పకుండా తేడా చెప్పలేం, కాబట్టి ధరలో ఆ ప్రమాదాన్ని లెక్కేయండి. సాలెగూడు లాంటి గీతలు కనబడితే ఫంగస్. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో ఉండేవాళ్లు తోలు కేసుల్లో లెన్సులు దాచడం మానేయాలి, తోలు తేమని పట్టి ఉంచుతుంది. మూత బిగుతుగా ఉండే డబ్బా, సిలికా జెల్, ఒక చవక తేమ మీటరు, లోపల 40 నుంచి 50 శాతం ఉంటే చాలు. యుద్ధకాలం, ఆ వెంటనే వచ్చిన లెన్సుల కోటింగ్ మెత్తన, చొక్కా అంచుతో తుడిచే అలవాటుంటే ఆ లెన్సుల్ని ముట్టుకోవద్దు.

వెనక గాజు మీద గీతల్ని ముందు గాజు గీతలకన్నా కఠినంగా చూడండి. ఈ సిమెట్రిక్ లెన్సుల్లో వెనక గాజు ఫిల్ముకి అంత దగ్గరగా ఉంటుంది కాబట్టి అక్కడి గీత, ధూళి చిన్న అపర్చర్‌లో బొమ్మ మీద ప్రభావం చూపుతాయి. జూపిటర్-12కి లోతైన వెనక మూత ఉందో లేదో అడగండి. మామూలు స్క్రూ మూత దానికి సరిపోదు, లేకుండా పంపిన లెన్సు దారిలోనే గీతలు పడుతుంది. సూపర్-ఆంగులాన్ ఎఫ్/3.4 ఫిల్టర్ 48 ఎంఎం, అంత సులువుగా దొరికే సైజు కాదు, ఒకటి లెన్సుతోపాటే ఇమ్మనండి. ఎఫ్/4 రకానిది 39.

కళ్లద్దాలు తగిలించిన 35 ఎంఎం లైట్జ్ లెన్సులు చవగ్గా కనబడతాయి. అవి ఎం3 కోసం, ఎందుకంటే ఎం3లో 35 ఫ్రేము లేదు. మీ ఎం6 మీద పెడితే 50 ఫ్రేము తెచ్చి, కళ్లద్దాలతో దాన్ని 35 చేస్తాయి. పనిచేస్తాయి గానీ ఎం6కి అనవసర బరువు. ఇంకా పాత 35 ఎల్మార్ ఎఫ్/3.5 తీసుకుంటే అపర్చర్ అంకెలు 4.5, 6.3, 9, 12.5, 18 అని ఉంటాయి. 6.3 అంటే 5.6కన్నా మూడో వంతు స్టాప్ తక్కువ, 9 అంటే 8కన్నా అంతే. స్లైడ్‌కి గుర్తుంచుకోండి, నెగటివ్‌కి మరిచిపోవచ్చు.

21 నిజంగా కావాలా అన్నది వేరే ప్రశ్న. మీటరు ఉన్న బాడీ మీద మీటరు పనిచేయని లెన్సు, దానికో ఫైండర్, చేతిలో ఇంకో మీటరు: ఇంత మోయడానికి సిద్ధమైతే సూపర్-ఆంగులాన్‌ని మించింది ఆ రోజుల్లో లేదు. డబ్బు తక్కువైతే రుసార్ ఎంఆర్-2 ఉంది, 20 ఎంఎం ఎఫ్/5.6. దానికి రేంజ్‌ఫైండర్ జత కాదు, స్కేలు చూసే ఫోకస్ చేయాలి, అది పెద్ద లోపం కాదు. మీటరు చిక్కు దానికీ ఉంటుంది. 28తో సరిపెట్టుకోగలిగితే 1957 నాటి కానన్ ఎఫ్/2.8 గానీ, సోవియట్ ఓరియన్-15 ఎఫ్/6 గానీ తెలివైన కొనుగోలు. 28/90 అడాప్టర్ పెడితే ఎం6 ఫ్రేము దానికదే వస్తుంది, విడి ఫైండర్ ఖర్చు మిగులుతుంది.

ఏది కొన్నా, ముందు ఇప్పుడున్న అడాప్టర్ కొలిపించండి. తర్వాత ఒక రోలు ఐఎస్ఓ 100 ఫిల్ము ట్రైపాడ్ మీద పెట్టి, మీటరు దూరంలో 45 డిగ్రీలు వాల్చిన దినపత్రిక, ఐదు మీటర్ల దగ్గర ఇటుక గోడ, దూరపు టవర్, ఈ మూడింటినీ ఎఫ్/2.8, 4, 8 దగ్గర తీయండి. ఏ ఫ్రేము ఏదో రాసుకోండి. మీటరు దూరంలో ఎఫ్/2.8 లోతు ముందూ వెనకా కలిపి 13 సెంటీమీటర్ల దాకా ఉంటుంది, కాబట్టి పత్రికలో మీరు ఫోకస్ చేసిన వరుస ఆ పట్టీ మధ్యలో ఉందా, అంచున ఉందా అన్నదే చూడాలి. ఆ నెగటివ్‌లు లూప్ కింద పెట్టి చూశాక ఫలితం ఇక్కడ రాయండి, షిమ్ ఎంత వేయాలో లెక్క కట్టి చెప్పవచ్చు.